దివిసీమ పెళ్ళికి బయల్దేరుతున్నారా?

శుభలేఖ అందగానే మనం ముందు చూసేది ముహూర్తం. ఆ తర్వాత ఏ చీర కట్టుకోవాలా అన్న ఆలోచన. కల్యాణ వేదిక అన్నచోట ఏ ఊరు రాశారో మాత్రం బండెక్కే ముందురోజు గానీ చదవం! కృష్ణాజిల్లా దిగువన పెళ్ళంటే ఆ ఒక్క లైనే అసలు సంగతి సుమా. బందరు, గుడివాడలైతే ఒక లెక్క. నాగాయలంకో, కోడూరో అయితే పూర్తిగా వేరే లెక్క.

"బెజవాడలో రూము తీసుకుని, కారులో వెళ్ళి అక్షింతలు వేసొద్దాం" అంటారు చాలామంది మగవాళ్ళు. పగటి ముహూర్తమైతే ఫరవాలేదు. తెల్లవారుజామున మూడింటి ముహూర్తమైతే? అర్ధరాత్రి దాటాక నిద్రమత్తులో ఉన్న పిల్లల్ని, మోకాళ్ళ నొప్పుల అత్తగారిని కారెక్కించాల్సింది మీరే. కృష్ణ కరకట్ట రోడ్డు పగలు చూడ్డానికి ఎంత బాగుంటుందో, ఆ వేళప్పుడు అంత భయం. పందిరికి ఎంత దగ్గరలో పడుకుంటే అంత సుఖం అంటాను నేను.

బందరు, గుడివాడలకు రైలుంది. బీదర్-మచిలీపట్నం ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాదులో రాత్రి ఎక్కితే పొద్దుటికి దింపుతుంది. బందరుకు కాస్త ముందు చిలకలపూడి స్టేషనుంది. పెళ్ళివారిల్లు ఏ స్టేషనుకు దగ్గరో ముందే కనుక్కోండి. రెండూళ్ళలోనూ లాడ్జీలున్నాయి గానీ, మాఘమాసంలో మంచి ముహూర్తం నాడు అప్పటికప్పుడు గది దొరకడం కష్టం. శుభలేఖ అందిన వారంలోనే ఫోన్ చేసి చెప్పుకోండి. పెద్దవాళ్ళందరి ఆధార్ కార్డులూ మర్చిపోకండి.

ఇక దివిసీమ. పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ రెండు పాయలుగా చీలితే, ఆ మధ్య భూమే ఇది. లోపలికి రైలు లేదు. బెజవాడ నుంచైనా బందరు నుంచైనా అవనిగడ్డ బస్సెక్కాలి. గుంటూరు, తెనాలి వైపు వాళ్ళు రేపల్లె దాకా రైల్లో వచ్చి, పెనుమూడి వారధి దాటితే పులిగడ్డే. ఆ వంతెన రాకముందు అక్కడ పడవ దాటాల్సి వచ్చేది. అవనిగడ్డ దాటి పల్లెల్లోకి వెళ్ళే కొద్దీ చీకటి పడ్డాక బస్సులు పల్చబడతాయి, కాబట్టి పొద్దుండగానే చేరండి.

అక్కడ మనకు దిక్కు విడిదే. స్కూలో, ఎవరిదో డాబా ఇల్లో ఇస్తారు. మర్యాదకు లోటుండదు. అయితే "బాత్‌రూములెన్ని ఉన్నాయి వదినా?" అని ఫోన్‌లో అడగడానికి మొహమాటపడి, అక్కడికెళ్ళాక నలభై మందితో క్యూలో నిలబడే ఆడవాళ్ళే ఎక్కువ. నిండు గర్భిణులు, షుగరున్న పెద్దవాళ్ళు వస్తున్నప్పుడు అడిగి తీరాలి. అడిగితే పెళ్ళివారు ఏమీ అనుకోరు, పక్కింట్లో ఒక గది చూసిపెడతారు. చెప్పకుండా లాడ్జికి వెళ్ళిపోతేనే "మా విడిది నచ్చలేదు కాబోలు" అని ఆడపిల్ల తల్లి నొచ్చుకుంటుంది.

సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పన. సబ్బు నురగ రాదు, జుట్టు అట్టకడుతుంది. తలంటు ఇంటి దగ్గరే కానిచ్చి రండి. పసిపిల్లలకు తాగేనీళ్ళు, దోమలకు ఓడోమాసూ సంచిలో ఉండాల్సిందే.

కార్తీక, మార్గశిర మాసాల పెళ్ళిళ్ళకు ఇంకో జాగ్రత్త. అవి తుఫానుల రోజులు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను ఈ సీమవాళ్ళు ఇప్పటికీ మర్చిపోలేదు. ఇప్పుడు హెచ్చరికలు రోజుల ముందే వస్తున్నాయి గనుక, బయల్దేరే ముందు వాతావరణ వార్తలు వినండి. పెళ్ళివారే "ఆగండి, రావద్దు" అంటే పట్టుదలకు పోకండి. అక్షింతలు తర్వాతైనా వేయొచ్చు.

బస్సులో మెడనిండా బంగారం దేనికి? చిలకలపూడి రోల్డ్‌గోల్డు ఉండనే ఉందిగా! తిరుగు ప్రయాణంలో పగటిపూట తీరికుంటే మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి దర్శనం చేసుకోవచ్చు. బందరు మీదుగా వెళ్తుంటే లడ్డూ, హల్వా తీసుకోండి. హల్వా మాత్రం చేతిసంచిలో అడుగున పెట్టకండి, నెయ్యి కారి పట్టుచీర పాడవుతుంది.