మోర్సు రానివాడు హామ్ కాడా?

పోయిన నెల హామ్ రేడియో మిత్రులం కొందరం ఒకచోట కలిశాం. మా అక్క కొడుకుని కూడా వెంటబెట్టుకెళ్ళా. టీ తాగుతుంటే ఒక పెద్దాయన వాణ్ణి "కాల్‌సైన్ ఏంటి బాబూ?" అని అడిగాడు. వాడు చెప్పాడు. మొదట్లో వీయూ3 అని వినగానే పెద్దాయన మొహంలో అదో రకం నవ్వు. "ఓహో, రిస్ట్రిక్టెడా! కోడ్ రాదన్నమాట. మరి హామ్ అని ఎలా చెప్పుకుంటున్నావయ్యా?" అన్నాడు. చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. వాడూ నవ్వాడు పాపం. తిరిగొచ్చేటప్పుడు కార్లో ఏం మాట్లాడలేదు. గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు మాత్రం "మామయ్యా, ఇంకోసారి నన్ను పిలవకు" అన్నాడు.

పెద్దాయన కదా అని అక్కడ నోరు మూసుకున్నా. ఇప్పుడు తెరుస్తున్నా.

అందని ద్రాక్షపళ్ళు పుల్లన అనే బాపతు కాదు నేను. నాకు మోర్సు వచ్చు, బాగా ఇష్టం కూడా. వారానికి రెండు మూడు రాత్రులు ఇంట్లోవాళ్ళంతా పడుకున్నాక హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆ చుక్కలూ గీతల్లోనే గడుపుతా. అయినా సరే, మోర్సుని పరీక్షలో పెట్టి, అది దాటినవాడే అసలైన హామ్ అనటం శుద్ధ తప్పంటాను.

సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. హామ్ అంటే ప్రభుత్వం పెట్టే పరీక్ష రాసి, లైసెన్సూ కాల్‌సైనూ తీసుకుని, సొంత ట్రాన్స్‌మిటర్‌తో ప్రపంచంలో ఇంకో హామ్‌ని పలకరించేవాడు. మధ్యలో టవర్ లేదు, సర్వర్ లేదు, నెలనెలా బిల్లు లేదు. మన దేశంలో ఇందులో రెండు గ్రేడులు. నేను అమెరికా నుంచి తిరిగొచ్చి 2014లో ఇక్కడ పరీక్ష రాసినప్పుడు రిస్ట్రిక్టెడ్ గ్రేడుకి మోర్సు అక్కర్లేదు. జనరల్ గ్రేడుకి మాత్రం నిమిషానికి 8 మాటల వేగంతో వినాలి, పంపాలి. జనరల్ వాళ్ళకి వీయూ2, రిస్ట్రిక్టెడ్ వాళ్ళకి వీయూ3. కాబట్టి నోరు తెరిచి కాల్‌సైన్ చెప్పగానే నువ్వు ఏ పంక్తిలో కూర్చోవాలో ఎదుటివాడికి తెలిసిపోతుంది. పంక్తిభోజనాలు మనకి కొత్తా ఏంటి!

నాకు మోర్సు ఎలా అబ్బిందో చెబుతా, ఎందుకంటే నా వాదనంతా అందులోనే ఉంది. అమెరికాలో 2009లో లైసెన్సు తీసుకున్నప్పుడు నన్ను ఎవరూ మోర్సు అడగలేదు. 35 ప్రశ్నలు, నాలుగేసి జవాబులు, 26 సరిగ్గా పెడితే పాసు. ఆర్నెల్ల తర్వాత పైమెట్టు పరీక్షా అంతే. 2011 వేసవిలో సియాటిల్ పక్కన ఇసాక్వాలో ఒక కొండెక్కా, వీపున రేడియోతో. సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్ అని 2002లో బ్రిటన్లో మొదలైన ఆట ఒకటుంది. సామానంతా మోసుకుంటూ శిఖరం ఎక్కి, బండి బ్యాటరీ వాడకుండా, కనీసం నలుగురితో కాంటాక్ట్ చేస్తే పాయింట్లు. ఆ పాయింట్లతో ఏం చేసుకుంటారని మా ఆవిడ అడిగింది. ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

5 వాట్ల రేడియో, పది మీటర్ల తీగ, దాన్ని నిలబెట్టటానికి చేపలు పట్టే ఫైబర్ కర్ర. ఇదీ నా స్టేషన్. మైకు పట్టుకుని గంటసేపు "సీక్యూ సీక్యూ" అని అరిచా. ఒక్కడు పలికాడు, వాడికీ నా కాల్‌సైన్లో రెండక్షరాలు వినపళ్ళేదు. కుక్కని తిప్పటానికి వచ్చిన ఒకావిడ ఆగి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగి వెళ్ళింది. అంతలో ఒక తాత వచ్చాడు. నాలాంటి తీగే కట్టాడు. రేడియో పేకముక్కల పెట్టంత ఉంటుందేమో. తొడకి ఒక చిన్న కీ బిగించుకున్నాడు. ఇరవై నిమిషాల్లో పదిహేనుమందిని పలకరించి, పుస్తకంలో రాసుకుని, శాండ్‌విచ్ తిని దిగిపోయాడు. నోరు విప్పితే ఒట్టు.

ఆ రాత్రే మోర్సు మొదలుపెట్టా.

ఇందులో మాయేం లేదు. మాట పంపాలంటే 2400 హెర్ట్జ్ దాకా బ్యాండ్‌విడ్త్ కావాలి. మోర్సుకి 250 హెర్ట్జ్ ఫిల్టర్ పెట్టుకున్నా హాయిగా వినొచ్చు. కిటికీ పదోవంతు అయితే లోపలికొచ్చే రొదా పదోవంతే. అంటే ఉజ్జాయింపుగా 5 వాట్ల మోర్సు 50 వాట్ల మాటతో సమానం. 50 వాట్లకి సరిపడా బ్యాటరీ మోస్తూ కొండెక్కి చూడండి, తేడా మోకాళ్ళకి తెలుస్తుంది. నాకు మోర్సు నేర్పింది ఆ మోకాళ్ళూ ఆ తాతా. పరీక్ష కాదు.

పైగా పరీక్ష కోసం నేర్చుకుంటే వచ్చే చిక్కొకటుంది. 8 మాటల వేగంలో ఒక చుక్క 150 మిల్లీసెకన్లు. నిమిషానికి 40 అక్షరాలు. అంత నింపాదిగా వస్తుంటే మనసు ఏం చేస్తుంది? చుక్కలు లెక్కపెట్టి, తలలో ఉన్న పట్టికలో వెతుకుతుంది. మన భాషలో చెప్పాలంటే ప్రతి అక్షరానికీ టేబుల్ లుకప్. 8 మాటల దగ్గర ఈ పద్ధతి నడుస్తుంది, పాసైపోతావు. 12, 15 దగ్గర చతికిలబడుతుంది. అప్పుడు నేర్చుకున్నదంతా మరిచిపోయి మళ్ళీ మొదలెట్టాలి. 1930ల్లో కోఖ్ అనే జర్మన్ సైకాలజిస్టు చెప్పిన పద్ధతి దీనికి సరిగ్గా తిరకాసు. మొదటి రోజు నుంచే అక్షరాలు పూర్తి వేగంతో వినాలి, కాకపోతే రెండే అక్షరాలతో మొదలుపెట్టాలి. అవి వచ్చాక ఇంకోటి కలపాలి. నేను బస్సులో ఆఫీసుకెళ్తూ ఇలాగే నేర్చుకున్నా. 'కే' అంటే గీత చుక్క గీత అని కాదు, 'డా-డి-డా' అనే ఒక చప్పుడు, అంతే. మన పరీక్ష మాత్రం చుక్కలు లెక్కపెట్టేవాడికి సర్టిఫికెట్ ఇచ్చి పంపిస్తుంది. అలా పాసై, ఆ తర్వాత ఒక్కసారి కూడా కీ ముట్టుకోని వీయూ2లు నాకే అరడజను మంది తెలుసు. వాళ్ళు హామ్‌లట, మావాడు కాదట!

ఇహ పెద్దల వాదనలకొద్దాం. మొదటిది, ఎప్పుడూ ఉండేది: "విపత్తులో మోర్సే గతి." నేను పైన చెప్పిన లెక్క ప్రకారం ఇందులో కొంత నిజముంది, కాదనను. కానీ ప్రాణాలతో చెలగాటమాడే సముద్రంలోనే 1999 ఫిబ్రవరి 1 నుంచి ఓడలకి మోర్సు అక్కర్లేకుండా పోయింది, ఉపగ్రహాలూ డిజిటల్ పిలుపులూ వచ్చాయి. మన తంతి ఆఫీసులు 2013 జూలైలో మూతపడ్డాయి, వాటిల్లో మోర్సు అంతకు చాలా ముందే ఆగింది. 2004 డిసెంబర్‌లో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం భారతీ ప్రసాద్ గారి నాయకత్వంలో అండమాన్లో ఉంది. వెళ్ళింది హాబీ పని మీదే, అరుదైన వీయూ4 కాల్‌సైన్‌తో ప్రపంచానికి వినపడటానికి. 26న సునామీ వచ్చింది. వాళ్ళు హాబీ పక్కనపెట్టి క్షేమసమాచారాలు చేరవెయ్యటం మొదలెట్టారు. ఆ రోజు అక్కరకొచ్చింది ఏమిటి? నిలబెట్టిన యాంటెనా, నడుస్తున్న రేడియో, దాన్ని వాడటం అలవాటైన మనుషులు. అలాంటివాళ్ళు ఊరికి పదిమంది ఉండాలంటే గుమ్మం దగ్గర కర్ర పట్టుకు నిలబడితే ఎలా?

మావాడు ఈ గుమ్మం దగ్గరకి ఎలా వచ్చాడో కూడా వినండి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వైజాగ్ మీద పడ్డప్పుడు వాడికి పన్నెండేళ్ళు. అక్కావాడూ మా ఊళ్ళో ఉన్నారు, బావ గాజువాకలో. మూడు రోజులు బావ ఫోన్ పలకలేదు. ఆ మూడు రోజులూ అక్క పక్కన కూర్చుని నంబర్ నొక్కుతూనే ఉన్నాడు. తర్వాత నన్ను అడిగిన మొదటి ప్రశ్న, టవర్ లేకుండా మాట్లాడటం కుదరదా మామయ్యా అని. 2018కల్లా టీవీ ట్యూనర్ డాంగుల్ ఒకటి కొనుక్కుని, రెండు అల్యూమినియం కడ్డీలు వీ ఆకారంలో కట్టి, డాబా మీద నుంచి నోవా వాతావరణ ఉపగ్రహాల సిగ్నల్ పట్టి మేఘాల బొమ్మలు తీశాడు. బంగాళాఖాతం మీద మబ్బు తెరమీద ఒక్కో గీతా పడుతుంటే ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాడు. లైసెన్సు తీసుకున్నాక జనరల్ కోసం మోర్సు పరీక్షకెళ్ళి, వినటంలో తప్పాడు. ఆ పెద్దాయన నవ్విన నవ్వు వీడి మీద.

రెండో వాదన: "వడపోత ఉండాలి, లేకపోతే అడ్డమైనవాళ్ళూ చేరతారు." ఇది మన ఇంటర్వ్యూలలాంటిదే. బైనరీ ట్రీని బోర్డు మీద తలకిందులు చెయ్యటం రాకపోతే ఉద్యోగం లేదంటారు, చేరాక పదేళ్ళు ఎక్స్‌ఎమ్‌ఎల్ సర్దిస్తారు. వడపోత దేన్ని ఆపుతోందన్నది ప్రశ్న. మోర్సు పరీక్ష చెవి మందగించినవాణ్ణి ఆపుతుంది, దగ్గర్లో నేర్పేవాడు లేని ఊరి కుర్రాణ్ణి ఆపుతుంది. నోటిదురుసు వాణ్ణి ఆపదు. అమెరికాలో 80 మీటర్ల బ్యాండ్ మీద అర్ధరాత్రి నేను విన్న బూతులు నిమిషానికి 20 మాటల పరీక్ష నెగ్గిన పాతకాపులవే.

అసలు ఈ పీడకల అంతా ఒకసారి నిజమై చూపించింది కూడా. 2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు షార్ట్‌వేవ్‌కి మోర్సు తప్పనిసరి అన్న నిబంధన ఎత్తేసి, ఏ దేశం ఇష్టం ఆ దేశానిదంది. బ్రిటన్, జర్మనీ ఆ ఏడాదే తీసేశాయి. అమెరికా 2000లో 20 మాటల్ని 5కి దించి, 2007 ఫిబ్రవరి 23న పూర్తిగా వదిలేసింది. మోర్సు చచ్చిందన్నారు, హాబీ చచ్చిందన్నారు. 2007లో ఆరున్నర లక్షలున్న అమెరికా లైసెన్సులు తర్వాత ఏడున్నర లక్షలు దాటాయి. (అందులో వాకీటాకీ కొని సొరుగులో పడేసినవాళ్ళు బోలెడుమంది. ఒప్పుకుంటా.) మోర్సు సంగతా? ఏ సాయంత్రమైనా 40 మీటర్ల బ్యాండ్ అడుగుభాగం విని చూడండి, తేనెటీగల తుట్టె. అక్కడి మొదటి మెట్టు లైసెన్సులో ఇంకో తమాషా ఉంది. పరీక్షలో మోర్సు లేదు, కానీ 40 మీటర్ల మీద ఆ లైసెన్సుకి ఇచ్చిన చోట వాడదగ్గది మోర్సు ఒక్కటే. చెయ్యాలనుంటే నేర్చుకో, లేదంటే నీ ఇష్టం. తలుపు తీసి పెట్టారు.

మూడోది ఎఫ్‌టీ8 మీద ఏడుపు. నోబెల్ గ్రహీత జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే కలిసి 2017లో తెచ్చిన డిజిటల్ పద్ధతి ఇది. 77 బిట్ల సందేశానికి 14 బిట్ల సీఆర్‌సీ, ఆపైన 83 బిట్ల పారిటీ, 15 సెకన్ల వంతులు, 50 హెర్ట్జ్ వెడల్పు. చెవికి అసలు వినపడని సిగ్నల్‌ని కూడా తవ్వి తీస్తుంది. "కంప్యూటర్లు మాట్లాడుకుంటున్నాయి, ఇదీ ఒక రేడియోనా" అంటారు. నిజం చెప్పొద్దూ, నాకూ పది నిమిషాల్లో ఆవలింతలొస్తాయి. కానీ మోర్సు మాత్రం ఏంటి? ఎక్కువ వాడే అక్షరానికి పొట్టి కోడ్, తక్కువ వాడేదానికి పొడుగుది. హఫ్‌మన్ 1952లో లెక్కకట్టి చూపించటానికి వందేళ్ళ ముందే మోర్సు, వెయిల్ కనిపెట్టిన డేటా కంప్రెషన్ అది! పైగా ఈ విమర్శకులే మోర్సు పోటీల్లో బటన్ నొక్కి కీయర్ చేత పంపిస్తారు. ఎదుటివాడి కాల్‌సైన్ మూడుసార్లు అడిగి తెలుసుకుని, నీ సిగ్నల్ అద్భుతంగా ఉందని అర్థం వచ్చే 599 ఇస్తారు. ప్రతివాడికీ 599. మన ఆఫీసుల్లో అప్రైజల్ కూడా ఇంత ఉదారంగా ఉంటే బాగుణ్ణు :)

ఈ దేశంలో హాబీని నిలబెట్టినవాళ్ళు ఎవరంటే నాకు ముందు గుర్తొచ్చేది హైదరాబాదీ అష్హర్ ఫర్హాన్. దిగుమతి రేడియో కొనలేని మనవాళ్ళ కోసం, దొరికే విడిభాగాలతో కట్టుకునేలా బిట్ఎక్స్ అనే రేడియో డిజైన్ చేసి అందరికీ ఇచ్చేశాడు. 2017లో దాని అన్ని బ్యాండ్ల తమ్ముడు మైక్రోబిట్ఎక్స్ వచ్చింది. దేశదేశాల్లో టంకం పెట్టుకుని కట్టుకున్నారు. దానికి ప్రవేశపరీక్ష పెట్టలేదాయన. నూటనలభై కోట్ల మంది దేశంలో లైసెన్సు ఉన్న హామ్‌లు ఇంకా వేలల్లోనే ఉన్నాం. మనకి ఇలాంటివాళ్ళు కావాలా, గుమ్మం దగ్గర కాల్‌సైన్ అడిగి నవ్వేవాళ్ళు కావాలా?

కాబట్టి అయ్యా పెద్దాయనా, మోర్సు మీద మీకంత ప్రేముంటే ఆ పరీక్ష తీసెయ్యమని నాతో కలిసి అర్జీ పెట్టండి. తర్వాత మావాణ్ణి ఒక ఆదివారం కొండ మీదకి తీసుకెళ్ళి, నాకు ఇసాక్వా తాత చూపించినట్టు చూపించండి. నేను పిలిస్తే రావట్లేదు. మీరు పిలిస్తే వస్తాడేమో.

నన్ను తిట్టదలుచుకున్నవాళ్ళకి: ఆదివారం పొద్దున్న ఏడింటికి 7.025 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటాను. కీ తోనే తిట్టండి, కాకపోతే నిమిషానికి 18 మాటలు దాటకండి. అంతకు మించితే నాకు అర్థం కాదు.