కోడ్‌కూ కావాలి కాంట్రాస్ట్ బోర్డర్

ఉప్పాడ జాందానీ కొనడానికి వెళ్లిన వాళ్లకు షాపులో తరచూ వినపడే మాట 'కాంట్రాస్ట్ బోర్డర్'. ఆకుపచ్చ చీరకు ఎర్రంచు, లేత పసుపు చీరకు ముదురు నీలం అంచు. అంచు కొట్టొచ్చినట్టు కనపడితేనే చీరకు అందం. అలాగని చీరంతా కొట్టొచ్చే రంగులే నేసేస్తే? పెళ్లిలో ఓ పూట బాగానే ఉంటుంది. రోజూ కట్టుకోవాలంటే మాత్రం కట్టుకున్నవాళ్లకీ, చూసేవాళ్లకీ విసుగే!

సరిగ్గా ఇదే సమస్య ఇప్పుడు మనింటి సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ల కళ్లకు వచ్చింది. 2020లో కరోనా వచ్చాక బెంగళూరు, హైదరాబాద్‌ల నుంచి ఇళ్లకు చేరినవాళ్లు కోనసీమ అరుగుల మీద కూర్చుని ఆఫీసు పని చేశారు. పగలంతా వాకిట్లో ఎండ, తెరంతా మెరుపు. రాత్రయితే అమెరికా టైము, గదిలో చీకటి. కాకినాడ, భీమవరం, తాడేపల్లిగూడెం ఇంజినీరింగ్ కాలేజీల హాస్టళ్లలో పిల్లలదీ అదే వరస. సాయంత్రానికి కళ్లు మంట, తలనొప్పి. 'కంప్యూటర్ ముందు కూర్చుంటే అంతేలే' అని సరిపెట్టుకుంటారు. కొంతమందికి అసలు చిక్కు కంప్యూటర్‌లో లేదు, అందులో ఎంచుకున్న రంగుల్లో ఉంది.

ప్రోగ్రాములు రాసుకునే సాఫ్ట్‌వేర్‌ను కోడ్ ఎడిటర్ అంటారు. అందులో ఆజ్ఞలు ఒక రంగులో, కొటేషన్ల మధ్య రాసే మాటలు ఇంకో రంగులో, కామెంట్లు మరో రంగులో కనిపిస్తాయి. ఈ రంగుల కూర్పునే థీమ్ అంటున్నారు. కంప్యూటర్‌కు ఈ రంగులతో పనే లేదు. ఇవన్నీ కేవలం మనిషి కంటి కోసం. అందుకే థీమ్ బాగుందా లేదా అన్నది తేల్చాల్సింది ఫ్యాషన్ కాదు, కన్నే.

రంగు వేరు, వెలుగు వేరు

మనం చేసే మొదటి పొరపాటు, రంగులు వేరైతే చాలు కాంట్రాస్ట్ వచ్చేసినట్టేననుకోవడం. అక్షరం స్పష్టంగా కనపడాలంటే కావాల్సింది రంగుల తేడా కన్నా వెలుగు తేడా. తెర మీద తెలుపు రంగు ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిస్తే వస్తుంది. ఆ వెలుగు నూరు పాళ్లనుకుంటే ఆకుపచ్చది 72, ఎరుపుది 21, నీలానిది 7 మాత్రమే. నల్లటి తెర మీద చిక్కటి నీలం అక్షరాలు ఎంత గుచ్చి చూసినా కనపడకపోవడానికి కారణం ఇదే.

దీన్ని కొలవడానికి ఓ లెక్క ఉంది. వెబ్ ప్రమాణాలను నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ 2008లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో దాన్ని చూడొచ్చు. తెలుపు మీద నలుపు 21 మార్కులు. అదే గరిష్ఠం. నలుపు మీద చిక్కటి నీలానికి వచ్చేది 2.4. తెలుపు మీద పసుపుకైతే 1.07, అంటే దాదాపు కనపడనట్టే! అదే పసుపు మీద నలుపు రాస్తే 19.6. రాజమండ్రి స్టేషన్‌లో పసుపు బోర్డు మీద నల్లక్షరాలు అంత దూరం నుంచే ఎందుకు కనపడతాయో ఇప్పుడు తెలిసిందిగా. ఆ పెయింటు తెర మీది పసుపంత స్వచ్ఛంగా ఉండకపోవచ్చు, సూత్రం మాత్రం అదే.

మామూలు అక్షరాలకు కనీసం 4.5, ఇంకా బాగా కనపడాలంటే 7 ఉండాలని ఆ మార్గదర్శకాలు చెబుతాయి. అవి వెబ్ పేజీల కోసం రాసినవే అయినా ఎడిటర్‌కూ పనికొస్తాయి.

మరి 21 పెట్టేసుకుంటే పోలా?

పోదు. చీకటి గదిలో కటిక నలుపు మీద తెల్లక్షరాలు పెడితే వెలుగు అక్షరం చుట్టూ చిమ్మినట్టు కనిపిస్తుంది. చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది, ఆ మేరకు చూపులోని చిన్న చిన్న దోషాలు కూడా బయటపడతాయి. ఆస్టిగ్మాటిజమ్ ఉన్నవాళ్లకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. తెల్లటి తెర మీద ముదురు అక్షరాలు చదవడమే తేలికని 2013లో జర్మనీ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో తేలింది. కుర్రాళ్లకే కాదు, పెద్దవాళ్లకూ అంతే.

ప్రోగ్రామర్లు ఈ ముడిని ఒక్కొక్కరు ఒక్కోలా విప్పారు. 2006లో డచ్ డిజైనర్ విమర్ హేజెన్‌బర్గ్ చేసిన 'మోనోకాయ్' ముదురు తెర మీద గులాబీ, లేతాకుపచ్చ, పసుపు రంగులతో కుర్రకారును ఆకట్టుకుంది. 2011లో ఈథన్ షూనోవర్ 'సోలరైజ్డ్' తెచ్చారు. మొత్తం 16 రంగులు, వాటి వెలుగులను లెక్క కట్టి మరీ ఎంచారు. చూడ్డానికి చాలా మెత్తగా ఉంటుంది. అయితే దాని ముదురు రకంలో మామూలు అక్షరాలకు పడేది 4.75 మార్కులు, కామెంట్లకు 2.8 మాత్రమే. చల్లగా ఉండటం వేరు, చదవగలగడం వేరు! సైప్రస్‌లో ఉండే ప్రోటెసిలావోస్ స్టావ్రూ తన 'మోడస్' థీమ్‌లకు 7 మార్కులు తగ్గకూడదని నియమం పెట్టుకున్నారు. 2022లో వచ్చిన ఈమ్యాక్స్ 28తో పాటు అవి కూడా అందాయి.

ధవళేశ్వరం చెప్పే పాఠం

గోదావరికి వరదొచ్చినప్పుడు ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. ఆ మూడో మాట వినగానే లంక గ్రామాలవాళ్లు గొడ్డూ గోదా, పిల్లా పాపలతో సర్దుకుంటారు. అదే రోజూ పొద్దున్నే మూడో హెచ్చరిక ఇస్తూ పోతే? నిజంగా వరదొచ్చిన రోజున ఎవరూ తల తిప్పి చూడరు.

చాలా థీమ్‌లలో జరుగుతున్నది ఇదే. ఎరుపు, నారింజ, గులాబీ అన్నీ ఒకేసారి అరుస్తుంటాయి. తప్పు ఉన్న చోట పడే ఎరుపు ఆ గోలలో కలిసిపోతుంది. అందుకే తెర మీద కూడా మెట్లుండాలి. మామూలు కోడ్ ప్రశాంతంగా, ఆజ్ఞలు కాస్త మెరుగ్గా, తప్పులు మాత్రమే ఎర్రగా. ఎరుపును దేనికి పడితే దానికి వాడొద్దు.

కామెంట్ల సంగతి మరీ అన్యాయం. కోడ్‌లో కేవలం మనిషి కోసం రాసేది అదొక్కటే. 'ఇక్కడ చెయ్యి పెట్టకు, ఫలానా లెక్క తప్పుతుంది' అని ముందు పనిచేసినవాడు వెనకొచ్చేవాడికి వదిలివెళ్లే చీటీ. దాన్నేమో చాలా థీమ్‌లు బూడిదలో బూడిదలా కలిపేస్తాయి. కనపడని హెచ్చరికను చదవలేదని ఎవరిని తప్పుపడతాం?

మాయాబజార్ పరీక్ష

మీ థీమ్ బాగుందో లేదో తేల్చుకోవడానికి ఓ తేలిక పరీక్ష. 1957లో వచ్చిన 'మాయాబజార్' నలుపు తెలుపు సినిమా. అయినా ఘటోత్కచుడెవరో, శశిరేఖ ఎవరో వెతుక్కునే పని లేదు. 2010లో రంగులద్దినప్పుడు కొత్త సొగసు వచ్చింది గానీ, కథ అంతకుముందే అర్థమైంది. థీమ్ కూడా అలాగే ఉండాలి. విండోస్ 10, 11 సెట్టింగ్స్‌లో 'కలర్ ఫిల్టర్స్' ఉంటాయి. అందులో గ్రేస్కేల్ పెట్టి మీ కోడ్ చూడండి. ఏ మాటైనా తెరలో కలిసిపోతే ఆ రంగు మార్చాల్సిందే.

ఈ పరీక్ష కొందరికి సరదా కాదు, అవసరం. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగ్గా తెలియనివాళ్లు మనలో ఉన్నారు. ఇది ఎక్కువగా మగపిల్లలకు పుట్టుకతో వస్తుంది. చాలామందికి తమకా ఇబ్బంది ఉందని పెద్దయ్యేదాకా తెలియదు. ఎడిటర్లలో కొత్తగా చేర్చిన వరుస ఆకుపచ్చ, తీసేసిన వరుస ఎరుపు. ఆ రెండూ ఒకేలా కనపడే కుర్రాడు ల్యాబ్‌లో పక్కవాడి కన్నా వెనకబడి, 'ప్రోగ్రామింగ్ నా వల్ల కాదు' అనుకునే ప్రమాదం ఉంది. జపాన్ వైద్యుడు ఇషిహారా 1917లో ప్రచురించిన చుక్కల బొమ్మలు కంటి డాక్టర్ల దగ్గర ఇప్పటికీ ఉంటాయి. వాటితో అయిదు నిమిషాల్లో సంగతి తెలిసిపోతుంది. రైలింజను నడపాలంటే రంగుల చూపు పరీక్ష నెగ్గాలి. ప్రోగ్రాం రాయడానికి ఆ పరీక్ష లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. ఎరుపు, ఆకుపచ్చలకు బదులు నారింజ, నీలం పెట్టి, పక్కన ప్లస్, మైనస్ గుర్తులుంచితే సరిపోతుంది.

ఒత్తులు మాయం కాకుండా...

మన భాషకు ఇంకో చిక్కుంది. ఇప్పుడు ప్రోగ్రాముల్లో తెలుగు మాటలూ రాస్తున్నారు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన తెలుగు ఫాంటు పేరు మన గోదావరి పాయదే, గౌతమి. అప్పటి నుంచీ తెరమీద తెలుగుకు కొదవ లేదు. కానీ ప-ఫ, ద-ధ, డ-ఢల మధ్య తేడా చిన్న గీతలోనే ఉంది. ఇంగ్లిషుకు సరిపోయిన సైజులో, తక్కువ కాంట్రాస్ట్‌లో తెలుగు పెడితే ముందు పోయేవి ఆ గీతలూ ఒత్తులూ. తెలుగుతో పనుంటే అక్షరాన్ని రెండు పాయింట్లు పెంచండి, కాంట్రాస్ట్ 7కు తగ్గనివ్వకండి.

మీరే చేసుకోండి

విజువల్ స్టూడియో కోడ్‌లో కంట్రోల్-కె, కంట్రోల్-టి వరసగా నొక్కితే థీమ్‌ల జాబితా వస్తుంది. అందులో హై కాంట్రాస్ట్ రకాలూ ఉంటాయి. ఏదీ నచ్చకపోతే సెట్టింగ్స్‌లో రంగులు మార్చుకోవచ్చు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెల వరుసలో ఇదిగో ఓ కూర్పు:

- రాత్రి తెర: 30, 30, 30. కటిక నలుపు కాదు, బొగ్గు రంగు.
- మామూలు అక్షరాలు: 212, 212, 212. కాంట్రాస్ట్ సుమారు 11.
- ఆజ్ఞలు: 120, 190, 255. లేత నీలం, 8 పైనే. బోల్డ్ చేస్తే ఇంకా మంచిది.
- కొటేషన్లలోని మాటలు: 240, 180, 110. లేత నారింజ, 9.
- కామెంట్లు: 160, 160, 160. బూడిద రంగే అయినా 6 పైన.
- తప్పులు: 255, 120, 120. ఎరుపుతో పాటు కింద గీత తప్పనిసరి.
- పగటి తెర: 250, 247, 240 మీద 34, 34, 34 అక్షరాలు. పాత పుస్తకం కాగితంలా ఉంటుంది, కాంట్రాస్ట్ దాదాపు 15.

పగలు ఒకటి, రాత్రి ఒకటి వాడుకోండి. ఎండ పడే చోట ముదురు తెర పెడితే అందులో కోడ్ కన్నా మీ మొహమే బాగా కనపడుతుంది! తెర వెలుగు గది వెలుగుకు దగ్గరగా ఉండాలి. ఇరవై నిమిషాలకోసారి ఇరవై సెకన్ల పాటు ఇరవై అడుగుల అవతలకు చూడమంటారు. మనకు పెరట్లో కొబ్బరిచెట్టు ఉండనే ఉంది.

ఇన్ని చేసినా మంట, తలనొప్పి తగ్గకపోతే థీమ్‌లు మార్చుకుంటూ కూర్చోవద్దు, కంటి డాక్టర్‌ను కలవండి. థీమ్ ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. కళ్లు మాత్రం ఒక్క జతే!