యెల్లాప్రగడవారి మాత్ర

జనవరి 12వ తేదీ వచ్చెననగా మన పఠనమందిరములలో యెల్లాప్రగడ సుబ్బారావుగారి పటమునకు పూలదండ పడును. వక్తలు లేతురు. ఆంధ్రుల మేధాశక్తికి ఆయన ధ్వజస్తంభమని యొకరు, నోబెలు బహుమానము రాకుండుట పాశ్చాత్యుల పక్షపాతమని యింకొకరు బల్ల గ్రుద్ది చెప్పుదురు. చప్పట్లు మ్రోగును. వందన సమర్పణముతో సభ ముగియును. తిరుపతిలో నట్టి సభ యొకదానికి మేమును పోయి, మేమును చప్పట్లు కొట్టి, రాత్రి అలిపిరి దారిని మరలి వచ్చుచుంటిమి. కొండమెట్ల మొదట నొక ముదుసలి కూర్చుండియుండెను. ఆయన యెడమకాలు మోకాటి దిగువనుండి రోలువలె ఉబ్బి, చర్మము బెరడు కట్టియుండెను. భక్తులు నాణెము విసరి, ఆ కాలు తగులకుండ తొలగి, గోవిందనామముతో మెట్లెక్కుచుండిరి. పూర్వజన్మ కర్మమని యెవరో యనిరి. సభలో రెండు గంటలసేపు సుబ్బారావుగారి కీర్తి వింటిమి. బోదకాలను మాట యొక్కరి నోటను రాలేదు. ఆ కర్మమునకు మందు కనుగొన్న పరిశోధనశాలకు అధిపతి ఆ పటములోని వాడేయని దండ వేసిన వారిలో నెందరికి తెలియును?

బోదకాలు కర్మఫలము కాదు, పురుగు. నూలుపోగువంటి యా పురుగు దేహములోని శోషరస నాళములలో ఏండ్ల తరబడి కాపురముండి, లక్షలకొలది సూక్ష్మశిశువులను రక్తములోనికి వదలును. పగటివేళ నవి లోపలి యవయవములలో దాగి, రాత్రివేళ చర్మము దాపునకు వచ్చును. దోమ వానిని పీల్చి మఱియొకరికి చేర్చును. ఈ సూక్ష్మజీవిని 1872లోనే కలకత్తాలో తిమోతి లూయిస్ మనుష్యుని రక్తమున చూచెను. 1877లో చీనాదేశపు అమోయ్ రేవులో ప్యాట్రిక్ మ్యాన్సన్ దోమ కడుపున నది పెరుగుట కనిపెట్టెను. పురుగు తెలిసినది, దోమయు తెలిసినది. సరియైన మందు మాత్రము డెబ్బది సంవత్సరములు రాలేదు. (చలిజ్వరము సంగతియు నిట్టిదే. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమలో చలిజ్వరపు క్రిమిని చూచెనని మనమందఱము చదివితిమి. దోమ కొక అణా చొప్పున తన రక్తము నమ్ముకొన్న హుసేన్ ఖాను పేరు ఏ పాఠ్యపుస్తకమున చదివితిమి?)

ఎందుకు రాలేదని యడిగితిమేని సమాధానము చేదుగా నుండును. గోదావరి తీరమునను, ఒరిస్సాలోను, మలబారులోను లక్షల కాళ్ళుబ్బినను దొరతనమునకు త్వర కలుగలేదు. రెండవ ప్రపంచ యుద్ధములో పసిఫికు దీవులకు పోయిన అమెరికా సైనికులు వేలకొలది యీ పురుగు వాతబడిరి. అప్పుడు కలిగినది త్వర. పేదవాని కాలు ధర్మచింతకు విషయము, సైనికుని కాలు పరిశోధనకు విషయము! ఆ త్వర కలిగిన వేళకు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకుడుగా నుండినవాడు, బోదకాలు అడుగడుగున కానవచ్చు పశ్చిమగోదావరి సీమలో, భీమవరమున 1895లో పుట్టిన మనవాడు.

ఆయన యక్కడికి పోయిన తీరు వక్తలు చెప్పునంత సుందరముగా లేదు. మదరాసు వైద్యకళాశాలలో చదువునపుడు గాంధీజీ పిలుపు విని ఖద్దరు దుస్తులు తొడిగెను. శస్త్రచికిత్సాచార్యుడైన బ్రాడ్‌ఫీల్డు దొరకు కన్నెఱ్ఱ యైనది. పూర్తి పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చినది. సంగ్రహణి వ్యాధి యిద్దఱు సోదరులను పొట్టన బెట్టుకొని, ఆయన ప్రాణము మీదికిని తెచ్చెను. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స గట్టెక్కించెను. మదరాసు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించి, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మనిధియు, మామగారును తోడుపడగా 1923లో బోస్టను చేరెను. మన దేశమునుండి ఆయనకు ముట్టిన దింతే: ఒక ధర్మనిధి, ఒక మామగారు, ఒక వైద్యుడు. దొరతనము నిందార్హమే. కాని నాటి మన సంస్థానాధీశులు, జమీందారులు, వకీళ్ళు నేమి చేయుచుండిరి? తన మీది నేరమును కూడ పరుని పద్దున వ్రాయించు కక్షిదారులను కచేరీలో నిత్యము చూచుచున్నాము.

హార్వర్డులో ఫిస్కేతో గూడి శరీరములోని భాస్వరమును కొలుచు పద్ధతిని, కండరములకు శక్తినిచ్చు ద్రవ్యములను వెలికిదీసిన కథ, ఫోలికామ్లము, ఆరియోమైసిను, రక్తపు పుట్టకురుపునకు తొలి మందులు, ఇవన్నియు సభలలో వినబడుచున్నవే, విడిచెదము. 1940లో లెడర్లీలో చేరి పరిశోధనాధ్యక్షుడైన పిమ్మట, పత్తిపొలపు ఎలుకలకును కుక్కలకును సహజముగా పట్టిన ఫైలేరియా పురుగుల మీద ఆయన బృందము ఎన్నో రసాయనములను పరీక్షించెను. 1947లో ఫలితము వెలువడెను: డైఇథైల్‌కార్బమజైన్, వ్యాపారనామము హెట్రజాన్. అది యొక్కని చేతిపని కాదు. హ్యూయిట్, కుష్నర్ మొదలగువారి పేర్లును ఆ పత్రములమీద నున్నవి. దానినంతయు సుబ్బారావుగారి యొక్క నెత్తిన పెట్టి పొగడుట ఆయన మెచ్చు పనియని మేము తలపము. తన పేరును వెనుకకు నెట్టుకొనుట ఆయన స్వభావము. మఱుసటి యేడే, 1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్ల ప్రాయమున, అమెరికా పౌరసత్వము పుచ్చుకొనకయే మరణించెను.

ఇక ఆ మాత్ర గతి యేమైనదో చూడుడు. చీనావారు దానిని వంటయుప్పున గలిపి జనులచే తినిపించిరి. 2007 నాటికి ఆ దేశమున బోదకాలు నిర్మూలమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించినది. ఇదే మాత్రను ఆల్బెండజోలుతో జేర్చి యింటింట మ్రింగించిన శ్రీలంక 2016లో, బంగ్లాదేశము 2023లో ఆ గుర్తింపు పొందినవి. ఆయన జన్మభూమియో? 1955లో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమ మొకటి ఆరంభించి, ముఖ్యముగా పట్టణముల మురుగుదోమలతో చాలకాలము పోరాడితిమి. ఏటికొకసారి అందఱును మాత్ర మ్రింగు ఏర్పాటు దేశమంతట విస్తరించినది 2004లో గదా! 2015కు నిర్మూలింతుమని 2002 నాటి ఆరోగ్యవిధానము ప్రతిజ్ఞ చేసెను. వాయిదా మీద వాయిదా పడి, 2023లో మరల ప్రకటించిన గడువు 2027. ఇన్ని వాయిదాలు కోరిన ప్రతివాదిని ఏ న్యాయాధిపతి సహించును?

ప్రభుత్వమును దూఱుట సులభము. దాని తప్పు దానికున్నది. కాని మాత్ర ఇంటి గుమ్మము వఱకు వచ్చిన తరువాత దానిని మ్రింగనివా రెవరు? కూలివాడు మ్రింగును. తెల్లచొక్కావాడు చేతబుచ్చుకొని, భోజనమైన పిమ్మట వేసికొందునని చెప్పి, ఆశా కార్యకర్తను పంపివేయును. ఈ పంక్తులు వ్రాయువాడే కొన్నియేండ్ల క్రిందట గోదావరి జిల్లాలో అత్తవారింట నుండగా అట్లు చేసెను. పెద్దవారికి మూడు మాత్రలు. కార్యకర్త యెదుటనే మ్రింగవలెనను నియమము. "అమ్మా, నేను చదువుకొన్నవాడను, నాకు చెప్పవలెనా?" యని ఆమెను నవ్వుచు సాగనంపి, ఆ మాత్రలను బల్లసొరుగున వైచితిని. మఱుసటి పండుగకు పోయినపుడు అవి యక్కడనే యున్నవి. అంతకుముందు నెలలోనే సుబ్బారావుగారిని గూర్చి ఉపన్యసించి దుశ్శాలువ కప్పించుకొంటినని చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది.

మాకు రోగము లేదు, మాత్ర యేల యందురు. పురుగున్న వారిలో పెక్కుమందికి ఏ లక్షణమును కానరాదు. వారి రక్తమునుండియే దోమ ఎత్తుకొనిపోవును. జ్వరము, తలనొప్పి వచ్చుననియు భయపడుదురు. పురుగున్న వారికే అవి మిక్కిలిగా వచ్చును. చచ్చుచున్న పురుగు చేయు గోల యది. రెండేండ్లలోపు బిడ్డలకు, గర్భిణులకు, తీవ్రరోగులకు ఇయ్యరు. తక్కినవారికి సాకు లేదు. పరదేశపు కంపెనీలకు లాభమని పలుకు స్వదేశాభిమానులును కలరు. హెట్రజాన్ మీది హక్కు లేనాడో కాలముచెల్లినవి. ఆ మాత్ర యిప్పుడు మన దేశముననే తయారగుచున్నది. ఖద్దరు తొడిగినందులకు పట్టము పోగొట్టుకొన్న వాని మాత్రకంటె స్వదేశి యేది?

ఇది కోస్తావారి జాడ్యము, చిత్తూరు సీమ మెట్టభూమి, మాకేలయను వారికొక మాట. ఈ పురుగును మోయునది మురుగునీటి దోమ. తిరుపతి కాలువలలో నది లేదని యెవరైన ప్రమాణము చేయుదురా? ఒక్క రాత్రి కాటుతో నంటు రోగము కాదు, నిజమే. నెలలు, ఏండ్లు కాట్లు పడవలెను. కాని యాత్రికుల వెంట బ్రతుకుతెరువుకై గోదావరినుండి, ఒరిస్సానుండి వచ్చి యీ యూరనే నిలిచిపోయినవారు వేలకొలది కలరు. వారి రక్తమును మన రక్తమును ఆ దోమ వేఱుచేసి చూడదు.

ముదిరిన కాలిని ఈ మాత్ర తిరిగి సన్నబఱుపదు. అలిపిరి ముదుసలికి ఇప్పుడు కావలసినది దినదినము సబ్బునీటితో కాలు కడిగి, పుండు పడకుండ కాపాడు చేయి. ఆయనకు మాత్ర అందవలసిన కాలము బాల్యము. నాడు మాత్ర యుండెను, అందించువారు లేకపోయిరి.

తండ్రి యాస్తిని కోరు కొడుకు తండ్రి ఋణమును కూడ తీర్పవలెనని పూర్వపు హిందూధర్మశాస్త్రము. 2005 నాటి సవరణ ఆ నియమమును త్రోసివేసినది. శాసనము త్రోసివేసినను మర్యాద త్రోసివేయలేదు. సుబ్బారావుగారి వారసులమని సభలు చేయువారితో మా ప్రతిపాదన యిది: వచ్చు జనవరి 12న పఠనమందిరమున ఉపన్యాసములు ఎప్పటివలె ఎనిమిది గంటలకు ముగియనిండు. పురుగు రక్తమున విరివిగా కానవచ్చునది పదిగంటల తరువాత. ఆరోగ్యశాఖవారిని ముందుగా నర్థించి, సూక్ష్మదర్శినిని, రక్తపరీక్షకుని పిలిపించి, అలిపిరి దారినుండియు, సత్రముల వెనుక పేటలనుండియు జనులను వెంటబెట్టుకొని వచ్చి కూర్చుండబెట్టుడు. వేలు మొదట చాపవలసినవారు అధ్యక్షులవారు, తరువాత వక్తలు. మేమును వత్తుము.