ఇల్లే కార్ఖానా అయిన చోట

గృహహింస గురించి రాసేవారు సాధారణంగా రెండు సలహాలిస్తారు. నలుగురికీ చెప్పుకోండి, పనిచేసే చోట సహాయం అడగండి అని. సలహాలు మంచివే. కానీ జగిత్యాల జిల్లా మెట్‌పల్లిలో ఈ రెండో సలహా ఎంత దూరం నడుస్తుంది? మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతమంతా వేలాది ఆడవాళ్ళ చేతులు బీడీల మీద ఆడుతుంటాయి. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు, కత్తెర, దారం. కూర్చునేది సొంత ఇంటి అరుగు మీద. 1966లో వచ్చిన బీడీ కార్మికుల చట్టం ఇంటి దగ్గర బీడీలు చేసే మనిషిని సైతం కార్మికురాలిగానే గుర్తించింది. అంటే ఆమె పనిచేసే చోటూ ఇల్లే, దెబ్బ తినే చోటూ ఇల్లే. మరి ఆమె ఎవరిని అడగాలి?

దానికంటే ముందు ఇంకొక ప్రశ్న ఉంది. అసలు ఏది హింస? 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 18-49 ఏళ్ళ వివాహితల్లో నూటికి ఇంచుమించు 37 మంది భర్త చేతిలో హింసకు గురైనవారు. అదే సర్వేలో, ఏదో ఒక కారణం ఉంటే భర్త భార్యను కొట్టడం సమంజసమేనన్న స్త్రీలు నూటికి 84 మంది! మొదటి అంకె కంటే ఈ రెండవదే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. దెబ్బను న్యాయమని నమ్మిన మనిషి సహాయం ఎందుకు అడుగుతుంది?

చట్టం మాత్రం మనకంటే చాలా ముందు నడిచింది. 2005లో చేసి, 2006 అక్టోబరు 26 నుంచి అమలులోకి తెచ్చిన గృహహింస చట్టం శారీరక హింసతో పాటు లైంగిక హింసను, మాటలతో మనసును హింసించడాన్ని, ఆర్థిక హింసను కూడా హింసగానే లెక్కించింది. దీన్ని మెట్‌పల్లి భాషలోకి దించుకుంటే ఇలా ఉంటుంది. బీడీల కూలి ఆమె చేతికి అందకుండా లాక్కోవడం హింస. గల్ఫ్‌లో ఉండి ఖర్చులకు పైసా పంపకపోవడం, ఫోనులో రోజూ అనుమానపు మాటలతో కాల్చుకు తినడం హింస. పుట్టింటివారు పెట్టిన బంగారాన్ని ఆమెను అడగకుండా కుదువ పెట్టడం హింస. కొడుకు దేశంలో లేని సమయం చూసి కోడలిని ఇంట్లోంచి వెళ్ళగొట్టడం హింస. ఇల్లు అత్తమామల పేరున ఉన్నంత మాత్రాన అక్కడ నివసించే హక్కు కోడలికి లేకుండా పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

"తాగినప్పుడే గాని, మామూలుగా మంచివాడే" అన్న మాట మన ఊళ్ళలో తరచుగా వినిపిస్తుంది. తాగినవాడు ఠాణా ముందు సిపాయిని కొట్టడు. ఇంటికి వచ్చి పెళ్ళాన్నే కొడతాడు. ఎవరిని కొట్టవచ్చునో ఎంత మత్తులోనైనా అతనికి తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాపై తిరగబడ్డారు. ఆ ఉద్యమ ఫలితంగా 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ ఉద్యమం నుంచి మనం నేర్చుకోవలసినది సారా సంగతి ఒక్కటే కాదు. అక్షరాలు దిద్దడానికి ఒకచోట కూర్చున్న ఆడవాళ్ళు ఎవరింటి గొడవ వారిదని అనుకోవడం మానేశారు. అసలు విజయం అక్కడుంది.

మెట్‌పల్లి వైపు కూడా ఆడవాళ్ళు కూర్చునే చోట్లు ఉన్నాయి. పొదుపు సంఘం సమావేశం ఒకటి. ఆకు తెచ్చుకోవడానికి, చేసిన బీడీలు అప్పజెప్పడానికి పోయే కార్ఖానా మరొకటి. సిరిసిల్లలో అయితే కండెలు చుట్టే చోటు. రోజూ వెయ్యి బీడీలు చేసే చేతులు ఆరువందల దగ్గర ఆగిపోతుంటే, ఎండాకాలంలోనూ నిండు చేతుల రవిక దిగకపోతే, కూలి డబ్బు ప్రతిసారీ వేరొకరు వచ్చి తీసుకుపోతుంటే, ముందుగా కనిపెట్టగలిగేది పక్కన వరుసలో నిలబడ్డ మనిషే. కనిపెట్టినప్పుడు పదిమందిలో కాక పక్కకు పిలిచి "ఇంట్ల మంచిగనే ఉంటున్నవా అక్కా?" అని అడగాలి. చెప్పింది నమ్మాలి. వెంటనే పోయి భర్తను నిలదీస్తే ఆ రాత్రి దాని ఫలితం అనుభవించేది ఆమెనే.

హింస జరుగుతోందని తెలిసిన ఎవరైనా రక్షణాధికారికి సమాచారం ఇవ్వవచ్చు. మంచి ఉద్దేశంతో ఇచ్చినవారిపై కేసు ఉండదని చట్టమే హామీ ఇచ్చింది. ఆమె పనిచేసే చోటికి అతడు రాకుండా మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వగలరు. తాత్కాలికంగా తలదాచుకున్న ఊళ్ళోనైనా, పనిచేసే ఊళ్ళోనైనా ఆమె దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయసహాయం ఉంది. 181కి ఫోన్ చేస్తే మహిళా హెల్ప్‌లైన్, ప్రాణాపాయమైతే 112. వైద్యం, సలహా, కొద్దిరోజుల ఆశ్రయం ఒకేచోట దొరికే సఖి కేంద్రం జిల్లా కేంద్రంలో ఉంది.

ఇదంతా కాపురాలు కూల్చడానికే అనే పెద్దమనుషులకు ఒక మాట. ఈ చట్టం కింద ఆమె మొదట అడిగేది భర్తకు జైలు కాదు. కొట్టకుండా ఉండమని, ఇంట్లో ఉండనివ్వమని, ఖర్చులకు ఇవ్వమని అడుగుతుంది. ఆ ఉత్తర్వును ధిక్కరించినప్పుడే శిక్ష మాట వస్తుంది. ఇంతకంటే సౌమ్యంగా కాపురాన్ని నిలబెట్టే మార్గం ఏ పంచాయితీ చూపింది? "సర్దుకుపో బిడ్డా" అని పంపడం రాజీ కాదు. ఆమెను మళ్ళీ అదే చేతికి అప్పజెప్పడం.

2019లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన 190వ ఒడంబడికలో గృహహింస ప్రభావం పనిమీద కూడా పడుతుందని గుర్తించింది. ఫిలిప్పీన్స్ 2004లోనే బాధితులకు పది రోజుల వేతన సెలవు ఇచ్చింది. వెయ్యి లెక్కన కూలి తీసుకునే మనిషికి సెలవు అన్న మాటకే అర్థం లేదు. చెయ్యని రోజు కూలి లేని రోజే. కనుక ఆమెకు కావలసిన సాయం వేరు. కార్ఖానా గోడమీద 181 అంకె పెద్ద అక్షరాలతో ఉండాలి. కూలి ఆమె ఖాతాలోకే పోవాలి. ఆధార్, పీఎఫ్ కాగితాల నకళ్ళు నమ్మకమైన మరొకరి ఇంట్లో భద్రంగా ఉండాలి. సంఘం సమావేశంలో అప్పుల వాయిదాల లెక్క ముగిశాక, ఇంటి సంగతులకు పది నిమిషాలు కేటాయించాలి.

వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కరలేదు, పెద్ద ఖర్చూ లేదు. పక్క మనిషి కష్టం మన పనే అనుకుంటే చాలు.