గసగసాల గింజంత సాక్షి

మొన్న ఆదివారం మా తమ్ముడి కొడుకు వచ్చాడు. భూగర్భశాస్త్రం చదువుతున్నాడు. జేబులోంచి చిన్న సీసా తీసి, "పెదనాన్నా, ఇందులో ఓ పాత ఉప్పుటేరు ఉంది, చూడండి" అన్నాడు.

భూతద్దం పెట్టి చూశాను. "ఏముందిరా, గసగసాలు!" అన్నాను.

అవి ఆస్ట్రకాడులనే జీవుల చిప్పలట. రొయ్యకూ పీతకూ చుట్టాలు. కందిగింజకు రెండు బద్దలున్నట్టు ఒంటికి రెండు చిప్పలు. ఎదిగేకొద్దీ పాతవి విడిచి కొత్తవి తొడుగుకుంటాయి. అందుచేత ఒక్క జీవే నీటి అడుగున ఎన్నో జతలు మిగిల్చిపోతుంది.

మంచినీటివి వేరు, సముద్రపువి వేరు, రెండూ కలిసే ఉప్పుటేటి నీళ్ళవి వేరు. పొరలో ఏ రకం దొరికితే, ఆనాటి నీటి రుచి అదన్నమాట!

వాడు తెచ్చినవి రాజమహేంద్రవరానికి గోదావరి అవతల, దుద్దుకూరు దగ్గర లావా రాళ్ళ నడుమ మట్టిపొరలోవి. అక్కడికి సముద్రం మరీ దూరం కాదు గనక నాకంత వింత తోచలేదు.

"అయితే ఝిల్మిలి సంగతి వినండి" అన్నాడు. అది మధ్యప్రదేశ్‌లో, ఛింద్వారా జిల్లాలో ఉంది. ఎటు పోయినా సముద్రం వందల మైళ్ళు. అక్కడ కింది పొరలోనూ, పై పొరలోనూ మంచినీటి ఆస్ట్రకాడులే. నడుమ మాత్రం ఉప్పుటేటివి, వాటితోపాటు సముద్రంలో తేలాడే సూక్ష్మజీవుల గుల్లలూ! గెర్టా కెల్లర్, ఆమెతో పనిచేసిన భారతీయ శాస్త్రజ్ఞులు 2009లో ఈ సంగతి ప్రకటించారు. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళనాడు, రాక్షసిబల్లులు అంతరించిన కొత్తలో, నర్మదా తపతీ లోయలవెంట సముద్రపు పాయ ఒకటి అంతదూరం చొచ్చుకువచ్చి ఉంటుందని వారి ఊహ.

"మరి ఆ మట్టిపొరల్ని జాగ్రత్త చేస్తున్నారా?" అని అడిగాను.

"రాయి కొట్టేవాళ్ళకు నల్లరాతితోనే పని, పెదనాన్నా. మట్టి పక్కన పారబోస్తారు."

నా గుండె కలుక్కుమంది. మా ఇంటి పునాదికి ఆ వైపు నుంచే నాలుగు లారీల నల్లరాయి తోలించాను. బేరమాడానేగాని, దాని పక్కనున్న మట్టి ఏమైందని అడగలేదు. నా పునాది కోసం ఎవరి సాక్ష్యం చెరిగిపోయిందో!

చేటలో పప్పు బాగుచేసుకుంటూ అంతా విన్న మా ఆవిడ తల ఎత్తింది.

"మేము పప్పులో రాళ్ళేరతాం. మీ శాస్త్రజ్ఞులు రాళ్ళలో పప్పు ఏరుతున్నారన్నమాట. చేట తిరగేసేముందు ఒకసారి చూసుకోవడం మాత్రం ఎవరికైనా ఒకటేనండీ!"