బల్లమీది సముద్రం, చేతికి తొడుగు

రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే నానక్‌రామ్‌గూడ ఉద్యోగులకు చేతులతో చేసే వ్యాపకం మనసుకు మేలు చేస్తుంది. యుద్ధనౌకల నమూనాలు కూర్చడం అటువంటిదే. 1971 డిసెంబరు 3-4 తేదీల మధ్యరాత్రి విశాఖ తీరానికి చేరువలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని సముద్రంతో సహా బల్లమీద నిలపాలనుకోవడం ముచ్చటైన ఆలోచన. అయితే ఆ సముద్రంగా పోసేది నీరు కాదు. ఎపాక్సీ రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాల మిశ్రమం.

డబ్బామీద ‘విషరహితం’ అని ఉంటే చాలునన్న నమ్మకాన్ని నేను అంగీకరించను. పూర్తిగా గట్టిపడిన రెసిన్ వేరు, పోసేటప్పటి ద్రవం వేరు. ఆ ద్రవం పదేపదే తగిలితే చర్మానికి అలర్జీ ఏర్పడవచ్చు. పది నమూనాలకు ఏమీ కాలేదన్నది హామీ కాదు. పదకొండవసారి దురద, పొక్కులు మొదలుకావచ్చు. ఒకసారి వచ్చిన ఆ తత్త్వం సాధారణంగా జీవితాంతం ఉంటుంది.

కనుక నైట్రైల్ తొడుగులు ధరించండి. పలుచని లేటెక్స్ తొడుగులు చాలవు. ఏసీ గది తలుపులు మూసుకొని పోయవద్దు. కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వండి. దుమ్ము మాస్కు ఆవిరిని ఆపదు. గట్టిపడ్డాక సాండ్‌పేపర్ పట్టేటప్పుడు మాత్రం దుమ్మును ఆపే మంచి మాస్కు తప్పనిసరి. చర్మానికి అంటితే థిన్నర్‌తో రుద్దక, సబ్బునీటితో కడగండి. ఉబ్బసం ఉన్నవారు ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి.

అభిరుచిని మానమనడం నా ఉద్దేశం కాదు. రంగుల కొనుగోలుకు వెచ్చించే శ్రద్ధలో కొంత తొడుగులకూ దక్కాలన్నదే నా మాట. మొదటి దురదకే పని ఆపి చర్మవైద్యుని కలవండి.