ఊపిరితో పలికే వాద్యానికి మాత్ర అండ కావాలా?

అమెరికా కళాశాలల్లో వాద్యసంగీతం ప్రధానాంశంగా చదివే విద్యార్థికి వ్రాతపరీక్షలు గట్టెక్కితే సరిపోదు. చదువు ముగిసేలోగా ఒంటరిగా వేదిక ఎక్కి, దాదాపు గంటసేపు కచేరీ చేయాలి. తోడుగా పియానో ఒక్కటే ఉంటుంది. గత వసంతంలో మా అమ్మాయి ఇంట ఉన్నప్పుడు, పొరుగున ఉండే తెలుగువారి అబ్బాయి కచేరీకి వెళ్ళాను. అతని వాద్యం ఫ్రెంచ్ హార్న్.

ఈ వాద్యాన్ని చూడనివారికి రెండు మాటలు చెప్పాలి. చుట్లు చుట్టిన ఇత్తడి గొట్టమిది. విప్పి సాగదీస్తే సుమారు పన్నెండు అడుగులుంటుంది. ఎడమచేతి వేళ్ళు మీటలు నొక్కుతాయి, కుడిచేయి వెనుకకు తిరిగిన వెడల్పాటి నోటిలో ఉంటుంది. అయితే స్వరాన్ని నిలబెట్టేవి పెదవులే. పై స్థాయిలో స్వరాలు ఎంత దగ్గరగా ఉంటాయంటే, పెదవి బిగువులో వెంట్రుకవాసి తేడా వచ్చినా పక్క స్వరం పలుకుతుంది, లేదా నాదం చిట్లిపోతుంది. నోటి చుట్టూ ఉండే ఆర్బిక్యులారిస్ ఓరిస్ అనే సన్నని కండరం, ఉదరవితానం, పొట్ట కండరాలు ఒక్కమాటమీద నడవాలి. మన సన్నాయి విద్వాంసుల శ్రమ ఎరిగినవారికి ఇది వింతగా తోచదు.

కచేరీకి మూడు రోజుల ముందు ఆ అబ్బాయి నన్ను పక్కకు పిలిచాడు. "తాతగారూ, వేదిక ఎక్కితే గుండె దడదడలాడుతుంది, నోరెండిపోతుంది. మా సీనియర్ ఈ మాత్రలిచ్చాడు, వేసుకోవచ్చా?" అని అరచేయి తెరిచాడు. ప్రొప్రనలాల్. గుండెజబ్బుల చికిత్సను మార్చివేసిన మందు. దాన్ని రూపొందించిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. సంగీతకారులకూ ఈ కోవ మందులు కొత్త కావు. తంత్రీవాద్యకారుల వేదికాభయంపై ఇటువంటి మందే పనిచేస్తుందని 1977లోనే లాన్సెట్ పత్రికలో పరిశోధన వెలువడింది. కనుక ఆ సీనియర్ చెప్పినది అబద్ధం కాదు.

నేను అడిగినది ఒకే ప్రశ్న: "నీకు ఉబ్బసం ఉందా నాయనా?" చిన్నప్పటి నుంచీ ఉందట. ఇన్‌హేలర్ సంచీలోనే ఉందట. ఆ సంగతి సీనియర్ అడగలేదు, ఇతడు చెప్పలేదు!

ప్రొప్రనలాల్ గుండెవేగాన్ని తగ్గించడంతో ఆగదు. శ్వాసనాళాలను తెరిచి ఉంచే బీటా గ్రాహకాలను కూడా మూసివేస్తుంది. ఉబ్బసం ఉన్నవారిలో నాళాలు బిగుసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు. పైగా ఆ సమయంలో సాధారణ ఇన్‌హేలర్ కూడా సరిగా పనిచేయకపోవచ్చు. ఊపిరే పెట్టుబడిగా ఉన్న విద్యకు ఎటువంటి సాయమో చూడండి. ఉబ్బసం లేనివారైనా నాడి, రక్తపోటు చూపించుకోకుండా, స్నేహితుడి చేతినుంచి తీసుకొని దీన్ని మింగరాదని నా అభిప్రాయం. వైద్యుడు చూసి ఇస్తే అది వేరు మాట.

ఈ విషయంలో నేనేమీ పవిత్రుణ్ణి కాను. ఉద్యోగకాలంలో పరీక్షభయంతో వచ్చిన పిల్లలకు, బయట వరుస పెద్దదిగా ఉందని, రెండు నిమిషాల్లో డయజిపామ్ వ్రాసి పంపిన రోజులున్నాయి. భయమెందుకని అడగడానికి పది నిమిషాలు పట్టేది.

ఈసారి నాకు తీరిక ఉంది. ఆ సాయంత్రమే మా అమ్మాయి ఇంటి హాలులో అయిదుగురం పెద్దవాళ్ళం కూర్చుని, కచేరీకి వేసుకొనే బూట్లతో సహా నిలబడి వాయించమన్నాము. మొదటి స్వరమే చిట్లింది. మరునాడు పదిమంది, ఆ మరునాడు అతని సహపాఠులు. గుండె దడ పోలేదు. దడతోనే వాయించడం కొంత అలవాటయింది.

కచేరీలో రిచర్డ్ స్ట్రాస్ మొదటి హార్న్ కాన్సర్టో వాయించాడు. స్ట్రాస్‌కు ఇరవయ్యేళ్ళయినా నిండకముందు వ్రాసిన కృతి. తండ్రి ఫ్రాంజ్ పేరుపొందిన హార్న్ వాద్యకారుడు. ఆరంభంలో ఒక్క స్వరసమ్మేళనం మ్రోగగానే హార్న్ ఏకాకిగా పిలుపు అందుకోవాలి, దాక్కోవడానికి చోటుండదు. ఆ పిలుపు నిండుగా వచ్చింది. నడుమ ఒకచోట స్వరం చిట్లితే, నా పక్కనున్న తల్లి చీరకొంగు బిగించి పట్టుకుంది. అతడు ఆగలేదు. విరామంలో వాద్యాన్ని తిప్పి నీళ్ళు ఒలకబోశాడు. ముందు వరుసలో ఒకాయన ముఖం చిట్లించాడు గాని, అది చాలావరకు ఊపిరిలోని ఆవిరి చల్లబడి చేరిన నీరే, ఉమ్మి కాదు.

మాత్రల సంగతి నేను అతని తల్లికి చెప్పలేదు. ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో అతడే చెప్పాడట.